చెట్టెక్కినోడి నష్టం: వాతావరణ ఒప్పందాల భాషలో వాడ ఎక్కడుంది?

ఏటా తుఫానుల కాలం ఒక పక్క నడుస్తుండగానే ఇంకో పక్క ప్రపంచ దేశాల వాతావరణ సభలు మొదలవుతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మన శ్రీకాకుళం జిల్లానీ దెబ్బతీసింది. నెల తిరిగేసరికి వార్సాలో సభ. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్ని వూడ్చేసింది. డిసెంబరులో లిమాలో సభ. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. డిసెంబరులో కటోవిస్‌లో సభ. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం పక్కనే తీరం దాటింది. అక్టోబరు 31న గ్లాస్గోలో సభ మొదలయ్యింది. 2025 అక్టోబరు 28న మొంథా కోస్తాని తాకితే, నవంబరు 10న బ్రెజిల్‌లోని బెలేమ్‌లో సభ.

మన పత్రికల్లో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో వస్తాయి. తుఫాను జిల్లా పేజీలో, సభ విదేశీ వార్తల పేజీలో. రెంటినీ కలిపి చదివే అలవాటు మనకి లేదు. మాకూ లేదు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మేం, 'పర్యావరణం' అనే మాటని చాలాకాలం కాన్వెంటు పిల్లల డ్రాయింగు పోటీల మాటగానే చూశాం. వాడలో తాగునీళ్ల బోరు లేనప్పుడు ఓజోను పొర గురించి మాట్లాడటం ఎగతాళిగా అనిపించేది. ఆ కోపంలో న్యాయం వుంది. కాని ఆ కోపంతో మనం పేజీ తిప్పేసినప్పుడు, ఆ పేజీలో మన గురించి ఎవరో ఏదో రాసేసుకున్నారు. ఏం రాశారో చదవాల్సిన బాధ్యత ఇప్పుడు మనమీద వుంది. ఈ వ్యాసంలో మేం చేసేది అదే. ఒప్పందాల్ని సైన్సుగా కాదు, ఒక రచనగా, ఎవరో ఎవరి గురించో రాసిన పాఠంగా చదవడం.

ముందు ఒక మాట స్పష్టం చెయ్యాలి. ప్రతి తుఫానూ వాతావరణ మార్పు వల్లే వచ్చిందని మేం అనడంలేదు. తుఫానులు మన తాతలకాలంలోనూ వచ్చాయి. సముద్రం వేడెక్కేకొద్దీ తుఫాను బలం, అది మోసుకొచ్చే వాన పెరుగుతాయన్నది శాస్త్రవేత్తలు చెప్తున్న విషయం. మా ప్రశ్న అక్కణ్ణుంచి మొదలవుతుంది. బలం పెరిగిన గాలి అందరి ఇళ్లమీదా ఒకేలా వీస్తుందా?

తిత్లీ పోయిన తర్వాత ఉద్దానంలో ఒక వాడకి వెళ్లాం. అప్పటికి అధికారులు నష్టాల లెక్కలు రాసుకుపోయారు. కొబ్బరికి చెట్టుకింత, జీడికి హెక్టారుకింత అని పరిహారం ప్రకటించారు. ఆ వాడలో మగవాళ్లు కొబ్బరి దింపుకు వెళ్తారు, ఆడవాళ్లు జీడిపిక్కలు ఏరటానికి, పలాసలో జీడిపప్పు బట్టీల పనికి వెళ్తారు. తోటలు ఎవరివో. మేం కాయితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే ఒక పెద్దావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి అంది: "మళ్లీ రాయడానికొచ్చినావేటి బావూ? సెట్టున్నోడికి డబ్బులొస్తాయి. సెట్టెక్కినోడికి యేటొస్తాది?"

ఈ ప్రశ్నకి మేం జవాబు చెప్పలేదు. చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ ఐదారేళ్లూ చెట్టు యజమానికి పంట నష్టం, దింపు కూలీకి పని నష్టం. మొదటిదానికి సర్వే నెంబరు వుంది, పాసుపుస్తకం వుంది, ఫారంలో గడి వుంది. రెండోదానికి ఏ కాయితమూ లేదు. వాడ నుంచి హైదరాబాదుకీ, విజయవాడకీ, మద్రాసుకీ తాపీ పనులకి పోయే రైలు మాత్రం వుంది.

ఇప్పుడు ఇదే ప్రశ్నని తీసుకుని ఒప్పందాల దగ్గరికి వెళ్దాం.

1992లో రియోలో దేశాలన్నీ ఒక మూల ఒప్పందం రాసుకున్నాయి. భూమి వేడెక్కడానికి అందరిదీ బాధ్యతే, కాని అందరిదీ సమానమైన బాధ్యత కాదు అన్నది అందులో మూల సూత్రం. ఎక్కువ పొగ వదిలినవాడు ఎక్కువ మొయ్యాలి. 1997లో క్యోటోలో ధనిక దేశాలకి లెక్క కట్టారు. 2009లో కోపెన్‌హేగెన్‌లో, 2020 నాటికి ఏడాదికి పది వేల కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. 2015లో పారిస్‌లో ఎవరి లెక్క వాళ్లే రాసుకు తెచ్చే పద్ధతి పెట్టారు. 2024లో బాకులో, 2035 నాటికి ఏడాదికి ముప్ఫై వేల కోట్ల డాలర్లకి ఒప్పుకున్నారు. భారత ప్రతినిధి ఆ అంకె కంటికి భ్రమ తప్ప ఇంకేం కాదని సభలోనే తిరస్కరించారు. ఈ చరిత్రంతా ఎక్కడైనా దొరుకుతుంది, దానిమీద ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. ఆగాల్సింది ఒక మాట దగ్గర.

ఇంగ్లీషులో 'లాస్ అండ్ డ్యామేజ్' అంటారు. వేడిని ఆపడం కుదరక, తట్టుకోవడమూ కుదరక, ఇక జరిగిపోయిన నష్టం అని దాని అర్థం. చిన్న ద్వీప దేశాలు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా ఈ మాట ఒప్పందాల్లోకి వచ్చింది. 2013లో వార్సా సభకి ఫిలిప్పీన్స్ ప్రతినిధి యెబ్ సానో తన దేశాన్ని హైయాన్ తుఫాను ధ్వంసం చేసిన కబురు మోసుకొచ్చి, వేదికమీద కంటతడి పెట్టుకుని, సభ జరిగినన్నాళ్లూ నిరాహారంగా వున్నాడు. ఆ సభలోనే దీనికి ఒక యంత్రాంగం పెట్టారు. 2022లో ఈజిప్టులో నిధికి ఒప్పుకున్నారు, 2023లో దుబాయ్‌లో దాన్ని మొదలుపెట్టారు. మన తెలుగు పత్రికలు దాన్ని 'నష్టపరిహార నిధి' అని అనువాదం చేశాయి.

అది తప్పు అనువాదం. తప్పు అనువాదమే కాదు, తప్పుదారి పట్టించే అనువాదం. పారిస్ ఒప్పందం ఎనిమిదో అధికరణం ఈ నష్టం గురించి మాట్లాడుతుంది. ఆ ఒప్పందానికి జతచేసిన తీర్మానంలో ఒక పేరా మాత్రం, ఈ అధికరణాన్ని ఆధారం చేసుకుని ఎవరూ బాధ్యతనిగాని పరిహారాన్నిగాని అడగడానికి వీల్లేదని తేల్చేస్తుంది. అంటే నష్టం జరిగిందని ఒప్పుకుంటారు. చేసినవాడు ఫలానా అని ఒప్పుకోరు. డబ్బు ఇస్తే ఇస్తారు, ఇవ్వాల్సినవాళ్లుగా మాత్రం ఇవ్వరు. దాతలుగా ఇస్తారు.

ఈ భాష ఎక్కడో విన్నట్టుంది కదూ! మన తహశీల్దారు ఆఫీసులో రోజూ వినే మాటే. 'ఎక్స్‌గ్రేషియా'. లాటిన్‌లో దాని అర్థం 'దయతో' అని. కాల్పుల్లో చచ్చినా, పిడుగు పడి చచ్చినా, మురుగ్గుంటలో దిగి చచ్చినా చెక్కు మీద వుండే మాట అదే. ఇచ్చినవాడు పెద్దమనిషి అవుతాడు, తీసుకున్నవాడు ఫోటోలో చేతులు జోడించి నిలబడతాడు. ప్రపంచ సభల్లో ధనిక దేశాలు పేద దేశాలతో మాట్లాడే భాష, ఊరు వాడతో మాట్లాడే భాష ఒకటే. ఇది పోలిక కోసం అంటున్నది కాదు. రెండు చోట్లా అసలు గొడవ ఒకటే: ఇది హక్కా, దయా?

ఈ గొడవలో మనకి అనుభవం వుంది. కారంచేడు (1985) తర్వాత దళిత ఉద్యమం అడిగింది కేవలం సాయం కాదు. నేరాన్ని నేరమని పేరు పెట్టి పిలవమని అడిగింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం, 1995 నాటి దాని నియమాలు, బాధితులకి ఇవ్వాల్సిన సాయాన్ని కలెక్టరు దయ నుంచి తప్పించి షెడ్యూలులో రాసిన హక్కుగా మార్చాయి. అమలు సంగతి మనందరికీ తెలుసు, చుండూరు సంగతి తెలుసు. అయినా ఒక మాటని 'దయ' అనే గదిలోంచి 'హక్కు' అనే గదిలోకి మోసుకెళ్లిన అనుభవం మనది. వాతావరణ చర్చల్లో ఇవాళ చిన్న ద్వీప దేశాలు చేస్తున్నది అదే పని. మనం దాన్ని పరాయి గొడవగా చూడటం మన చరిత్రని మనం మరిచిపోవడమే.

ఇక ఆ ఒప్పందంలో మనం ఎక్కడున్నాం? పారిస్ ఒప్పందం పీఠికలో ఒక జాబితా వుంది. దేశాలు వాతావరణ చర్యలు తీసుకునేటప్పుడు ఎవరి హక్కుల్ని గుర్తుంచుకోవాలో అందులో చెప్పారు. మూలవాసులు, స్థానిక సమూహాలు, వలసపోయినవాళ్లు, పిల్లలు, వికలాంగులు, దుర్బల పరిస్థితుల్లో వున్నవాళ్లు, తర్వాత స్త్రీ పురుష సమానత్వం. మంచి జాబితా. పోరాడి పెట్టించుకున్న జాబితా. సవర, జాతాపు ఆదివాసీలు 'మూలవాసులు' అనే మాట దగ్గర నిలబడగలరు (మన ప్రభుత్వం ఆ మాటని ప్రత్యేకంగా వాళ్లకి వర్తింపజెయ్యదు, అది వేరే కథ). మాల, మాదిగ, రెల్లి, పైడి, దండాసి ఏ మాట దగ్గర నిలబడాలి? 'స్థానిక సమూహం' దగ్గరా? ఊళ్లో స్థానిక సమూహం అంటే ఎవరో మాకు తెలుసు. గ్రామసభలో కుర్చీల్లో కూర్చునేవాళ్లు. 'దుర్బల పరిస్థితుల్లో వున్నవాళ్లు' అనే మాట దగ్గర నిలబడొచ్చు. కాని ఆ మాట పరిస్థితి గురించి చెప్తుందే తప్ప, ఆ పరిస్థితిని కల్పించినవాడి గురించి చెప్పదు. మనం దుర్బలంగా పుట్టలేదు. ఊరికి పల్లంలో, చెరువు కట్ట కింద, గెడ్డ పక్కన వాడని పెట్టినవాళ్లు వున్నారు.

భారత ప్రభుత్వం ఈ సభల్లో ఏం మాట్లాడుతుందన్నది ఇంకా ఆసక్తికరం. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో రెండు సభలు జరిగాయి. 2001లో జాతి వివక్షకి వ్యతిరేకంగా ఐక్యరాజ్య సమితి సభ. దళిత ప్రతినిధులు అక్కడికి వెళ్లి కులాన్ని చర్చించమని అడిగితే, కులం మా ఇంటి వ్యవహారం, అంతర్జాతీయ వేదిక మీద దాని ఊసొద్దు అని భారత ప్రభుత్వం అడ్డం పడింది. పదేళ్ల తర్వాత, 2011లో, అదే డర్బన్‌లో వాతావరణ సభ. అక్కడ మన పర్యావరణ మంత్రి జయంతీ నటరాజన్ లేచి, సమానత్వం లేని ఒప్పందానికి మేం ఒప్పుకోం అని గట్టిగా మాట్లాడారు. సభ చప్పట్లు కొట్టింది. మేం ఆ వాదనని తప్పు పట్టడంలేదు. ఆ వాదన న్యాయమైనదే. అదే ఊళ్లో పదేళ్ల ముందు ఆ మాట నోట రాలేదెందుకన్నదే ప్రశ్న. సమానత్వం అనేది దేశం గడప దాటి బయటికి వెళ్లేటప్పుడు తొడుక్కునే చొక్కాలా వుంది. ఇంట్లోకొస్తే కొక్కేనికి తగిలించేస్తారు.

'తలసరి' లెక్క కూడా అలాంటిదే. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ రాసిన 'అసమాన ప్రపంచంలో భూతాపం' అనే పుస్తకం ఒక ముఖ్యమైన పని చేసింది. పేదవాడు పొట్టకోసం వదిలే పొగనీ, ధనికుడు విలాసం కోసం వదిలే పొగనీ ఒకే గాట కట్టొద్దని వాదించింది. ఆ వాదనే భారత ప్రభుత్వానికి ఆయుధమయ్యింది. మొత్తం పొగలో ఇండియా ప్రపంచంలో మూడో స్థానం. కాని మనిషి తలకి లెక్కేస్తే రెండు టన్నుల పైచిలుకు, అమెరికావాడిది పద్నాలుగు టన్నుల దాకా. నిజమే. ఆ రెండు టన్నుల సగటు ఎవరి తల మీద తయారయ్యింది? పిడకల పొయ్యి మీద వంట చేసుకునే వాడ లెక్కలో కలవబట్టి, ప్రతి గదికీ ఏసీ పెట్టుకున్నవాడి లెక్క తగ్గి కనిపిస్తోంది. 2007లో గ్రీన్‌పీస్ ఇండియా సంస్థ ఈ మాట అన్నది: ధనిక భారతీయులు పేదల వెనక దాక్కుంటున్నారని. ఆ నివేదిక ఆదాయాల దాకా వచ్చి ఆగింది. కులం దాకా రాలేదు. మన పర్యావరణవాదుల చూపు చాలావరకు అక్కడే ఆగుతుంది. ముకుల్ శర్మ 2017లో 'కులం, ప్రకృతి' అని ఒక పుస్తకమే రాయాల్సి వచ్చిందంటే, అంతవరకూ ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టినవాళ్లు ఎంత తక్కువో అర్థమవుతుంది.

పారిస్ సభకి 2015లో భారతదేశం సమర్పించిన పత్రం యజుర్వేద శాంతి మంత్రంతో మొదలవుతుంది. 2022లో సమర్పించిన సవరణ పత్రంలో మొదటి లక్ష్యం: సంప్రదాయాల మీద, పొదుపు విలువల మీద ఆధారపడిన జీవన విధానాన్ని ప్రచారం చెయ్యడం. దీన్ని ఆదర్శంగా పొగిడినవాళ్లు చాలామంది. మేం ఈ వాక్యాన్ని వాడలో కూర్చుని చదివాం. ఎవరి సంప్రదాయం? మా అమ్మ ఒక చీరని నాలుగేళ్లు కట్టింది. అది పొదుపు విలువ కాదు, రెండో చీర లేకపోవడం. బావి దగ్గర ఎవరో దయతలచి పోసే దాకా కడవ పట్టుకుని నిలబడ్డ కులానికి నీటి పొదుపు గురించి వేదం చెప్పక్కర్లేదు. లేమిని సంప్రదాయమని పేరు మార్చి దాన్ని ప్రపంచానికి ఆదర్శంగా చూపించడం, మన పేదరికాన్ని రెండోసారి వాడుకోవడం. డాక్టర్ అంబేద్కర్ పల్లెటూరి సంప్రదాయాన్ని ఎన్నడూ ఆదర్శం చెయ్యలేదు. వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా వున్న రోజుల్లో ఆయన పట్టించుకున్నది కరెంటు, నదీలోయ ప్రాజెక్టులు, పరిశ్రమలు. కాబట్టి పర్యావరణం పేరు చెప్పి మనల్ని మళ్లీ కిరసనాయిలు దీపం దగ్గరికి పంపుతామంటే ఒప్పుకునేది లేదు. మనకి కరెంటు కావాలి. ఎవరి భూమి మీద, ఎవరి ఊపిరి మీద అన్నది చర్చ.

ఆ చర్చ మన జిల్లాలో తుపాకుల మధ్య జరిగింది. సోంపేట బీల భూముల్లో 2640 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు పెడతామని ఒక కంపెనీ వస్తే, చేపల మీద, గడ్డి మీద, బీల నీటితో పండే పంట మీద బతికేవాళ్లు అడ్డం పడ్డారు. 2010 జులై 14న పోలీసులు కాల్చారు. మనుషులు చచ్చిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. మరుసటేడు ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో ఇంకో ప్లాంటు దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

ఒక చిన్న లెక్క వేద్దాం. సోంపేట ప్లాంటు కట్టి, నాలుగింట మూడు వంతుల సామర్థ్యంతో నడిపితే ఏడాదికి సుమారు 1,700 కోట్ల యూనిట్ల కరెంటు. యూనిట్‌కి 0.9 కిలోల చొప్పున వేసినా ఏడాదికి కోటిన్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు. అలాంటి ప్లాంటు ముప్ఫై ఏళ్లపైన నడుస్తుంది. ఇన్ని కోట్ల టన్నుల పొగని ఆపినవాళ్లు బీల జనం. ఏ సభలోనూ వాళ్ల పేరు లేదు. అదే కాలంలో క్యోటో ఒప్పందం కింద నడిచిన 'క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం' ఏం చేసిందో తెలుసా? గుజరాత్‌లోని ముంద్రా బొగ్గు ప్లాంటు కాస్త మెరుగైన బాయిలరు వాడినందుకు కార్బన్ క్రెడిట్లకి అర్హమైన ప్రాజెక్టుగా నమోదు చేసుకుంది. బొగ్గు కాల్చేవాడికి క్రెడిట్టు, కాల్చొద్దన్నవాడికి తూటా. ఇది మా ఆవేశం కాదు, ఆ నియమాలు రాసిన తీరు. కాల్చకుండా ఆగిన బొగ్గుకి కొలత లేదు, ఎందుకంటే దాన్ని ఆపినవాడు కంపెనీ కాదు.

ఇక్కడ ఉద్యమాన్ని కూడా ఒక ప్రశ్న అడగాలి. సోంపేట గురించి రాసిన వ్యాసాల్లో 'రైతులు, మత్స్యకారులు' అనే జంట మాట ఎక్కువగా కనిపిస్తుంది. బీలలో గడ్డి కోసి తలమీద మోసుకుపోయి అమ్ముకున్న దళిత ఆడవాళ్లు ఆ జంట మాటలో ఎక్కడున్నారు? ఉద్యమం గెలిచింది. ఆ గెలుపు మనదే. కాని గెలుపుని రాసుకునేటప్పుడు మళ్లీ అదే ఫారం, అవే గడులు.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం సేకరించగా, మునగకుండా మిగిలిన భూమిని వాళ్లు సాగు చేసుకోవడమే నేరం. వంగర అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. ఆ హత్యలు జరిగిన వారం పది రోజుల్లోనే రియోలో ఇరవయ్యేళ్ల పండగ సభ జరిగింది. అక్కడ ఆమోదించిన పత్రం పేరు 'మనం కోరుకునే భవిష్యత్తు'. నీటి ప్రాజెక్టు కింద మిగిలిన చారెడు నేల మీద దళితుడు నాగలి పెట్టకూడదని తీర్పిచ్చే సమాజంలో, రేపు సముద్రం ముందుకొచ్చి, గెడ్డలు పొంగి, మెరక భూమి తక్కువైనప్పుడు ఏం జరుగుతుంది? వాతావరణ నిపుణుల భాషలో దీన్ని 'వనరుల మీద ఒత్తిడి' అంటారు. లక్ష్మీపేటలో ఆ ఒత్తిడి బరిసెల రూపంలో, బాంబుల రూపంలో వచ్చింది.

'హరిత' కరెంటు కథా వేరేగా లేదు. 1997 జులైలో సమతా తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీల భూమిని ప్రైవేటు కంపెనీలకి కట్టబెట్టొద్దంది. అదే ఏడాది డిసెంబరులో క్యోటో. పాతికేళ్ల తర్వాత, 2022లో, సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలసల్లో నీటిని ఎత్తిపోసి కరెంటు నిలవచేసే ప్రాజెక్టుల్ని రాష్ట్ర ప్రభుత్వం అదానీ కంపెనీకి కేటాయించింది. ఈసారి గని పేరు లేదు, వాతావరణం పేరుంది. రణస్థలం మండలం కొవ్వాడలో అణు కేంద్రం కూడా పొగలేని కరెంటు అనే పేరుమీదే వస్తోంది. పారిస్‌లో సంతకం పెట్టిన వాక్యం కొవ్వాడ జాలరి గుమ్మంలోకి నోటీసుగా రావడానికి ఎంతోకాలం పట్టదు. సామాన్యుడు ఎందుకు పట్టించుకోవాలి అని అడిగేవాళ్లకి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

అయితే ఒక భ్రమ పెట్టుకోవద్దు. నష్టాల నిధిలో డబ్బు మూటలున్నాయి, మనం అడిగితే వస్తాయి అనుకోవద్దు. 2025 నాటికి ప్రపంచమంతా కలిపి ఇస్తామన్న వాగ్దానాలు సుమారు 76 కోట్ల డాలర్లు. మన లెక్కలో ఆరున్నర, ఏడు వేల కోట్ల రూపాయల మధ్య. హుద్‌హుద్ ఒక్కదానికే రాష్ట్ర ప్రభుత్వం వేసిన నష్టం అంచనా 21 వేల కోట్ల పైన. అంటే ప్రపంచమంతటి నిధి మన ఒక్క తుఫానులో మూడో వంతు. 2025లో మొదటి విడతగా పంచుతామన్నది 25 కోట్ల డాలర్లు, అందులో కనీసం సగం చిన్న ద్వీపాలకి, బాగా వెనకబడిన దేశాలకి. ఇండియా ఈ రెండింట్లోనూ లేదు. వాళ్లకి ముందు ఇవ్వడం న్యాయమే. కాబట్టి మనం చూడాల్సింది డబ్బు మూటని కాదు, ఆ నిధి కోసం రాస్తున్న నియమాల్ని. ఎవరిని బాధితుడంటారు, నష్టం అంటే ఏమిటి, ఎవరు అర్జీ పెట్టొచ్చు. ఇవాళ అక్కడ రాసిన మాటలే రేపు ఢిల్లీ మార్గదర్శకాల్లోకి, అక్కణ్ణుంచి అమరావతి జీవోలోకి, చివరికి వీఆర్వో చేతిలో ఫారంలోకి వస్తాయి. ఆ భాషలో 'ఆర్థికేతర నష్టం' అనే మాట కూడా వుంది. ప్రాణం, ఆరోగ్యం, ఊరు విడిచిపోవడం అన్నీ అందులోకి వస్తాయి. ఉద్దానంలో కిడ్నీలు పోగొట్టుకుంటున్న కూలీల జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. మధ్య అమెరికా చెరుకు తోటల్లో ఇలాంటి జబ్బుకి ఎండలో ఒళ్లు హూనమయ్యే పనికీ సంబంధం వుందని పరిశోధకులు అంటున్నారు. 2015 వేసవిలో, అంటే పారిస్ ఏడాదిలోనే, వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. ఎండలో పని మానుకోలేనివాడి చావుని ఏ గడిలో రాయాలి?

మాటలు మారతాయి. 2002లో ఐక్యరాజ్య సమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకని బట్టి చూపే వివక్షలో కులం కూడా వస్తుందని తేల్చి చెప్పింది. 2001 డర్బన్‌కి వెళ్లినవాళ్ల శ్రమ అందులో వుంది. బెలేమ్‌లో 2025లో, ఆఫ్రికా సంతతి ప్రజలు అనే మాట మొదటిసారి వాతావరణ సభ తీర్మానాల్లోకి ఎక్కింది. బానిసలుగా తెచ్చిన మనుషుల వారసులు, ముఖ్యంగా బ్రెజిల్ నల్లజాతి ఉద్యమాలు, ఏళ్ల తరబడి కొట్లాడి ఎక్కించారు. 'సంతతి' అనే మాటకి తలుపు తెరుచుకుందంటే, ఆ తలుపు దగ్గర మనం కూడా నిలబడొచ్చు. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ వెళ్లి కూర్చున్నారు కాబట్టే, మరుసటేడు అదే బల్ల దగ్గర గాంధీ అంటరానివాళ్లకి తానే ప్రతినిధినని చెప్పుకున్నప్పుడు కాదని చెప్పే గొంతు అక్కడ వుంది. వాతావరణ సభల బల్ల దగ్గర ఇప్పటికీ మన తరఫున మాట్లాడుతున్నది మన పేదరికాన్ని అంకెగా వాడుకునేవాళ్లే.

పోయినేడు మేం ఆ వాడకి మళ్లీ వెళ్లాం. పెద్దావిడ లేదు. ఆమె కొడుకు చెన్నైలో తాపీ పనిలో వున్నాడు, కోడలు బట్టీ నుంచి వచ్చింది, వేళ్లు జీడి పాలకి నల్లబడి వున్నాయి. తిత్లీ నాటి ఫారం నకలు మా సంచిలో వుంటే ఆమెకి చదివి వినిపించాం. పట్టాదారు పేరు, తండ్రి పేరు, సర్వే నెంబరు, విస్తీర్ణం, చెట్ల సంఖ్య, బ్యాంకు ఖాతా. ఆమె మొత్తం విని, "అందల దింపుకెల్లినోల పేర్లు రాయడానికి జాగా వుందేటి?" అని అడిగింది. ఫారం వెనక్కి తిప్పి చూశాం. వెనక పేజీ ఖాళీగా వుంది. ఆమె మొగుడి పేరు, ఆ రేవులో దింపుకెళ్లే మరో పదిహేడు మంది పేర్లు, తిత్లీ తర్వాత ఎవరికి ఎన్ని నెలలు పని లేదో, ఎవరు ఏ ఊరు పోయారో, ఆ ఖాళీ పేజీ మీద రాసుకున్నాం. చీకటి పడేసరికి పక్క వాడ వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు.